ముందు తల్లిని చూపించండి

మామిడి పిందె నిలిచిందంటే మైలవరం చుట్టుపక్కల తోటల్లో కాపలా మొదలవుతుంది. ఇటు జి.కొండూరు, అటు రెడ్డిగూడెం, ఆగిరిపల్లి, నూజివీడు దాకా బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు కాయలు దిగేవరకు తోటకో పాక, పాకకో మనిషి, ఆ మనిషికి తోడుగా ఓ కుక్క ఉండాల్సిందే. పగలు కోతులు, రాత్రి అడవి పందులు, అదను చూసుకుని కాయ దొంగలు. ఆ కుక్క ఒకప్పుడు ఊరి కుక్కే. ఏ ఇంటి అరుగు కింద పుట్టిందో, దాని తల్లి ఎంత గట్టిదో వీధంతా ఎరుగును. ఎవరికీ రూపాయి ఇవ్వకుండా ఎత్తుకొచ్చుకున్న పిల్ల పదేళ్లు తోట కాసేది.

ఇప్పుడు అడుగుతున్నది ‘జాతి కుక్క’ని. తోటకి రాట్‌వీలరో డాబర్‌మానో, ఇంటికి ల్యాబో పగ్గో. పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడి, పెద్ద ఇంట్లో ఇద్దరే మిగిలిన అమ్మానాన్నలకు ఓ కుక్కపిల్ల కొనిపెట్టడం మన ఊళ్లలో మామూలైపోయింది. తప్పేమీ లేదు. ఇంటికి ఓ ప్రాణి వస్తే ఆ ఇంటి సాయంకాలాలే మారిపోతాయి. నా బాధల్లా ఆ పిల్ల వస్తున్న దారి గురించే. ఫోన్‌లో ఫొటో చూడటం, డబ్బు కొట్టడం, తెల్లారేసరికి రాత్రి బస్సులో బెజ్జాలు పెట్టిన అట్టపెట్టెలో పిల్ల దిగడం. ఈ బేరంలో జరిగే సంభాషణ ఎక్కడ విన్నా ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

‘‘తల్లి ఎక్కడుంది తమ్ముడూ?’’

‘‘మా ఫ్రెండ్ దగ్గరుందన్నా, బెంగళూరులో. తల్లితో మీకేం పని, పిల్లని చూడండి ఎంత యాక్టివ్‌గా ఉందో.’’

‘‘పేపర్లు ఉన్నాయా?’’

‘‘పేపర్లతో అయితే ఒక రేటు, పేపర్లు లేకుండా అయితే ఇంకో రేటు అన్నా. పెంచుకోడానికే కదా, పేపర్లెందుకు?’’

ఆ రెండో జవాబు వినగానే ఫోన్ పెట్టేయవచ్చు. పేపర్లనేవి విడిగా అమ్మే సరుకు కాదు. ఒక ఈతలో పుట్టిన పిల్లలన్నీ ఒకే తల్లీతండ్రులవి. ఆ ఇద్దరూ నమోదైన కుక్కలైతే పిల్లలన్నిటికీ నమోదు దొరుకుతుంది, దానికయ్యే ఖర్చు పిల్ల ధరలో చాలా చిన్న భాగం. ఒకే ఈతలో కొన్నిటికి కాగితం ఉండి కొన్నిటికి లేకపోతే, ఉన్న కాగితాలు మరే ఈతవో అయ్యుండాలి, లేదా అమ్మే మనిషి ఆ పిల్లల్ని పుట్టించినవాడే కాకపోయుండాలి.

కాగితం చెప్పేది, చెప్పనిది

మన దేశంలో జాతి కుక్కల నమోదు ప్రధానంగా చూసేది కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా, కార్యాలయం చెన్నైలో. వాడుకలో ‘కేసీఐ పేపర్లు’ అంటున్నది వాళ్లిచ్చే ధ్రువపత్రాన్నే. అందులో పిల్ల పేరు, జాతి, ఆడా మగా, రంగు, పుట్టిన తేదీ, పుట్టించిన బ్రీడర్ పేరు, యజమాని పేరు, పైతరాల పేర్లు, మైక్రోచిప్ నంబరు ఉంటాయి. ఆ చిప్‌ని మెడ మీద చర్మం కింద సూదితో ఎక్కిస్తారు. స్కానర్ పెడితే 15 అంకెలు కనబడతాయి. కొనేవాళ్లు చేయాల్సింది ఒక్కటే: డబ్బు ఇవ్వకముందే స్కానర్ పెట్టించి, తెర మీది అంకెల్నీ కాగితం మీది అంకెల్నీ వేలు పెట్టి ఒక్కొక్కటే కలిపి చూసుకోవడం. ఒక్క అంకె తేడా ఉన్నా ఆ కాగితం మరో కుక్కదే. కొన్న తరవాత యజమాని పేరు మార్పించుకోవడం కూడా మరిచిపోకూడదు. ఆ పని చేయనిదే కుక్క మీ ఇంట్లో ఉన్నా క్లబ్ నమోదు పుస్తకంలో అమ్మినవాడిదిగానే ఉంటుంది.

ఈ పుస్తకాలు పుట్టి నూటయాభై ఏళ్లు దాటింది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో 1859లో కుక్కల ప్రదర్శన జరిగింది. ప్రదర్శనలు పెరిగేకొద్దీ ఏ కుక్క ఏదో, ఎవరి పిల్లో తేల్చే లెక్క కావాల్సొచ్చి 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. అమెరికా వాళ్లది 1884లో వచ్చింది. బెల్జియం కేంద్రంగా దేశదేశాల క్లబ్బుల్ని కలిపే ఎఫ్‌సీఐ 1911లో పుట్టింది. ఇవన్నీ చేసేది ప్రధానంగా ఒక్క పనే, పుట్టుక రాసిపెట్టడం. ఫలానా ఆడకుక్కకీ ఫలానా మగకుక్కకీ ఫలానా రోజున ఇన్ని పిల్లలు పుట్టాయని రాస్తాయి. ఆ పిల్ల తుంటి కీళ్లు బాగున్నాయా, గుండె బాగుందా, మనుషుల్ని చూసి బెదురుతుందా అన్నది ఆ కాగితం చెప్పదు. చాలామంది మోసపోయేది ఇక్కడే. కాగితం ఉంది కాబట్టి ఆరోగ్యమూ ఉందనుకుంటారు.

మామిడి రైతుకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. నర్సరీలో చిన్నరసం అంటు కొనేటప్పుడు చీటీ చూసి కొనడు. చీటీ ఎవరైనా కడతారు. అంటు కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది, అప్పుడు పుల్లకాయ కాస్తే మొక్క ధరే కాదు, ఆ ఏళ్లన్నీ పోయినట్టే. అందుకే ఏ తల్లిచెట్టు నుంచి కొమ్మ తీశావని అడుగుతాడు, వీలైతే ఆ చెట్టు దగ్గరికి నడిచి వెళ్తాడు.

పుస్తకాన్నే గుడ్డిగా నమ్ముకుంటే జాతికే ఎసరు వస్తుందనడానికి మచ్చల డాల్మేషన్ సాక్ష్యం. మూసేసిన పుస్తకంలో, ఉన్నవాటిలోనే జత కట్టిస్తూ పోగా పోగా జాతి మొత్తానికీ ఒకే లోపం పాకింది. ఒంట్లో యూరిక్ యాసిడ్ పేరుకోవడం, వాటిలో చాలా కుక్కలకు మూత్రంలో రాళ్లు. 1973లో అమెరికాలో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒక డాల్మేషన్‌ని ఒకే ఒక్కసారి పాయింటర్ జాతి కుక్కతో జత కట్టించాడు. ఆ తరవాతి తరాలన్నిటినీ మళ్లీ డాల్మేషన్లతోనే కలిపాడు. చూడటానికి అచ్చమైన డాల్మేషన్లే, రోగం మాత్రం లేదు. అయినా వాటిని పుస్తకంలో రాయడానికి జాతి స్వచ్ఛత పోతుందంటూ ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు. చివరికి అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2011లో ఒప్పుకుంది. ఒక్క జన్యువు సరిదిద్దినదాన్ని పుస్తకం లోపలికి రానివ్వడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టిందన్నమాట.

బ్రిటన్‌లో 2008లో బీబీసీ ‘పెడిగ్రీ డాగ్స్ ఎక్స్‌పోజ్డ్’ అనే డాక్యుమెంటరీ వేసింది. ఊపిరాడని పగ్గులు, పుర్రెలో మెదడుకి చోటు చాలని కవలియర్ స్పానియళ్లు, దగ్గర రక్తసంబంధంలో జత కట్టించిన ఈతలు చూసి జనం నిర్ఘాంతపోయారు. మరుసటి ఏడాదే అక్కడి కెన్నెల్ క్లబ్ తండ్రీకూతుళ్లకీ, తల్లీకొడుకులకీ, తోబుట్టువులకీ పుట్టిన పిల్లల్ని నమోదు చేయబోమని ప్రకటించింది. అంటే అంతవరకూ అలాంటి పుట్టుకలూ పుస్తకంలోకి ఎక్కాయనే. పుస్తకం ఉండాలి, కానీ దాన్ని రాసేవాళ్ల మనస్సాక్షి కూడా అందులో ఉండాలి.

పెరట్లో కనబడే నిజం

మంచి బ్రీడర్ ఎవరో తేల్చుకోవడానికి వాళ్ల పెరట్లో గంట సేపు నిలబడటాన్ని మించిన దారి లేదు. ముందు అడగాల్సింది తల్లిని చూపించమని. పాలిచ్చే తల్లి కాస్త చిక్కి ఉంటుంది, బొచ్చు రాలి ఉంటుంది, అది సహజం. చూడాల్సింది వేరే. యజమాని పిలిస్తే తోక ఊపుకుంటూ వస్తోందా, మూలకి నక్కుతోందా? చెవుల వెనకా కాలివేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయా? నేల కడిగి ఉందా, కంపు కొడుతోందా? పిల్లని అరచేతిలోకి తీసుకుని పొట్ట మీద వేలు పెట్టి చూడండి. ఒళ్లంతా బక్కగా ఉండి పొట్ట ఒక్కటే బిర్రుగా ఉబ్బి ఉంటే కడుపులో ఏలికపాములు ఉన్నట్టు అనుమానించాలి. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి, పాలిపోయి ఉంటే ఒంట్లో నెత్తురు లేనట్టే. చప్పట్లు కొడితే ఒక్కసారి ఉలిక్కిపడ్డా మళ్లీ మీ దగ్గరికి వచ్చి వాసన చూసే పిల్ల మనుషుల మధ్య పెరిగిన పిల్ల.

తల్లి టీకాల పుస్తకం కూడా అడగాలి. ఇది అతిచాదస్తం కాదు. పుట్టిన పిల్లకి మొదటి రక్షణ తల్లి మొదటి పాలలోనే వస్తుంది. తల్లికి టీకాలు సరిగ్గా పడి ఉంటేనే ఆ పాలకి బలం. వారాలు గడిచేకొద్దీ ఆ రక్షణ తగ్గుతూ వస్తుంది. అది ఉన్నంతకాలం పిల్లకి వేసిన టీకా పూర్తిగా పట్టదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి డోసు వేసి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున 16 వారాలు దాటేవరకు వేయిస్తారు. ‘ఒక సూది పడిందండీ, ఇంక భయం లేదు’ అని అమ్మేవాడు అంటే నమ్మకూడదు.

ఎందుకంటే ఆ వయసులోనే పార్వో కాచుకుని ఉంటుంది. 1978లో బయటపడ్డ ఈ వైరస్ రెండేళ్లలోపే ప్రపంచమంతా పాకింది. అంటుకున్నాక మూడు రోజుల నుంచి వారం లోపు లక్షణాలు మొదలవుతాయి. పిల్ల తిండి మానేస్తుంది, వాంతులు, ఆపైన నెత్తురు విరేచనాలు. అప్పటికి పిల్ల మీ ఇంట్లో ఉంటుంది. అమ్మినవాడు ‘నా దగ్గరున్నప్పుడు బాగానే ఉందండీ, మీరేం పెట్టారో’ అంటాడు. రోజులు లెక్కేస్తే అది అంటింది అతని బోనులోనో, దారిలోని అట్టపెట్టెలోనో. ఏడుస్తున్న చంటిపిల్లల్ని పక్కన పెట్టుకుని, ఒళ్లో వాలిపోయిన కుక్కపిల్లతో సెలైన్ బాటిల్ వంక చూస్తూ కూర్చునే కుటుంబాన్ని ఏ పశువుల ఆసుపత్రి వరండాలోనైనా చూడొచ్చు. ఆ పిల్ల దక్కకపోతే కథ అంతటితో అయిపోదు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. దుఃఖంలో వెంటనే ఇంకో పిల్లని తెస్తే దానికీ అంటుతుంది. నేలని బ్లీచింగ్‌తో కడిగి, కొన్ని నెలలు ఆగి, టీకాలు పూర్తయిన పిల్లని తెచ్చుకోవడమే మేలు. మైలవరం వాళ్లకి గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దూరం కాదు. పిల్ల ఇంటికొచ్చిన మొదటి రెండు రోజుల్లో, జబ్బు పడకముందే, ఒకసారి పశువైద్యుడికి చూపించడం నేర్చుకోవాలి.

ఇవన్నీ బ్రీడర్ మంచితనానికే వదిలేయలేదు మన చట్టం. 2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకాల మీద జంతుహింస నివారణ చట్టం కింద నియమాలు తెచ్చింది. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. రుసుము 5,000 రూపాయలు, రెండేళ్లకోసారి పునరుద్ధరణ. ఆడకుక్కకి ఏడాదిన్నర నిండాకే జత కట్టించాలి, ఎనిమిదేళ్లు దాటితే మానేయాలి. ఏడాదికి ఒకటికి మించి ఈత వద్దు, జీవితం మొత్తంలో అయిదు ఈతలే. రక్తసంబంధంలో జత కట్టించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, అమ్మే ముందు చిప్ వేయాలి, టీకాల లెక్క, ఆరోగ్యపత్రం ఇవ్వాలి. ఎనిమిది వారాల షరతు ఊరికే పెట్టలేదు. నెల రోజులకే తల్లి నుంచి విడదీసిన పిల్లకి కొరకడంలో హద్దు తెలియదు. అన్నదమ్ములతో కుస్తీ పట్టి, గట్టిగా కొరికితే అవతలిది అరిచి ఆట ఆపేస్తుందని నేర్చుకోవాల్సిన వారాలవి. రేపు ఆ ఇంటి పసివాడి చేతిని కొరికేది అది నేర్వని కుక్కే.

బ్రీడర్‌ని ఈ నమోదు నంబరు అడిగితే మొహం చిట్లించేవాళ్లే ఎక్కువ. అయినా అడగాలి. నలుగురు అడిగితే అయిదోవాడి కోసమైనా తీసుకుంటారు. ల్యాబ్, జర్మన్ షెపర్డ్ పిల్లలైతే తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు తీయించారా అని కూడా అడగాలి. ఈ రెండు జాతుల్లో తుంటి కీలు సరిగ్గా కుదరని లోపం వంశపారంపర్యంగా వస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు, ఏడాది రెండేళ్లకి లేవలేక లేస్తుంది.

మంచి బ్రీడర్ మిమ్మల్నీ ప్రశ్నలతో వేధిస్తారు. ఇంట్లో పగలు ఎవరుంటారు, గొలుసు కట్టేసి ఉంచుతారా, ఊరెళ్తే ఎవరికి అప్పజెబుతారు అని. చిరాకు పడకండి. పెంచలేకపోతే వీధిలో వదిలేయకుండా నాకే తిరిగి తెచ్చివ్వండి అనే బ్రీడర్ దొరికితే ఆరు నెలలైనా ఆగి వాళ్ల దగ్గరే కొనండి.

జాతిని ఎంచుకోవడంలోనూ కాస్త కనికరం ఉండాలి. మేలో మన ఎండ నలభై దాటేస్తుంది. మంచులో బళ్లు లాగడానికి పుట్టిన హస్కీని తెచ్చి రేకుల షెడ్డులో కట్టేస్తే అది రొప్పుతూ బతకాల్సిందే. నొక్కుకుపోయిన ముక్కున్న పగ్‌కి కూడా ఈ ఎండే శత్రువు, ఎందుకంటే కుక్క ఒళ్లు చల్లబరచుకునేది ప్రధానంగా ఊపిరితోనే. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాట్‌వీలర్, పిట్‌బుల్ సహా 23 జాతులకి లైసెన్సులు ఇవ్వొద్దని రాష్ట్రాలకి లేఖ రాసింది, నెల తిరగకముందే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. నా మటుకు నాకు జాతుల జాబితా కన్నా ఆ పిల్లల్ని ఎవరు పుట్టించారు, ఎవరు ఎలా పెంచారన్నదే అసలు విషయం. ఉగ్రంగా ఉండాలని ఏరి ఏరి జత కట్టించి, మనుషుల మొహం చూడనివ్వకుండా బోనులో పెంచిన కుక్క ఏ జాతిదైనా ప్రమాదమే.

మన పుస్తకం మనం రాయలేదు

నమోదు విలువ తెలుగువాళ్లకి తెలియనిది కాదు. ఒంగోలు గిత్త కథే చూడండి. ఇక్కడి నుంచి బ్రెజిల్ వెళ్లిన ఆ పశువులు అక్కడ నెల్లూరు పేరుతో ‘నెలోర్’ అయ్యాయి. బ్రెజిల్ రైతులు దూడల పుట్టుక పుస్తకాల్లో రాసి, ఏరి పెంచి, తమ పశుసంపదకి దాన్నే వెన్నెముకని చేసుకున్నారు. 2023లో వియాతినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా అమ్ముడైతే, ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది, అప్పటికి ప్రపంచ రికార్డు. ఇక్కడ గుంటూరు దగ్గర లాం ఫారంలో ఆ జాతిని కాపాడుకోవడానికి శాస్త్రవేత్తలు తంటాలు పడుతున్నారు.

కుక్కల్లో మనకి అలాంటిదే జోనంగి. మైలవరం నుంచి నూజివీడు, హనుమాన్ జంక్షన్ దాటి కొల్లేరు సరస్సు వైపు పోతే దాని సీమ. పొట్టి నున్నటి వెంట్రుక, ముడతలు పడే నొసలు, సన్నటి గట్టి కాళ్లు. మొరగడం తక్కువ, రాగం తీసినట్టు గొంతెత్తుతుందని, మట్టి తవ్వి గుంట చేసుకుని పడుకుంటుందని పెంచినవాళ్లు చెబుతారు. కొల్లేటి లంకల్లో బాతుల మందల్ని కాసింది ఈ కుక్కే. వరి, బాతుల స్థానంలో చేపల చెరువులు వచ్చాక దానికి పని పోయింది. గట్లు తవ్వుతోందనీ చేపలు తింటోందనీ జనం దాన్ని పగబట్టారనీ చెబుతారు. 1999లో కొల్లేరు పక్షుల అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు కొట్టేశారు. పక్షులకి లెక్కలు వచ్చాయి, ఆ ఒడ్డున పుట్టిన కుక్కకి రాలేదు. కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గరి పందికోన కుక్కదీ ఇదే పరిస్థితి. దూరాల నుంచి వచ్చి పిల్లల్ని కొనుక్కుపోతారు. ఏ తల్లికి ఏ తండ్రికి పుట్టిందో ఊళ్లో పెద్దలకి నోటిమాటగా తెలిసినంతవరకే.

పొరుగువాళ్లు మేల్కొన్నారు. 2005లో తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల బిళ్లలు వేస్తే ముధోల్, రాజపాళయం, రాంపూర్, హిమాలయన్ కుక్కలకి చోటు దొరికింది. 2020లో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ మొదటిసారి కుక్క జాతుల్ని నమోదు చేసినప్పుడు తమిళనాడు నుంచి రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటక నుంచి ముధోల్ ఎక్కాయి. బాగల్‌కోట్ జిల్లా తిమ్మాపూర్‌లో ముధోల్ కోసమే పరిశోధన కేంద్రం నడుస్తోంది. అక్కడ పల్లెటూరి పెంపకందార్లకి అది బతుకుతెరువు కూడా.

పుస్తకం తెరవడానికి వందల కుక్కలు కూడగట్టే దాకా ఆగనక్కర్లేదు. జర్మన్ షెపర్డ్ అనే జాతికి పుస్తకం 1899లో ఒక్క కుక్కతో మొదలైంది. మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే సైనికాధికారి ఒక ప్రదర్శనలో గొర్రెలు కాసే కుక్కని చూసి, అక్కడికక్కడే కొని, హోరాండ్ అని పేరు పెట్టి, తాను స్థాపించిన సంఘం పుస్తకంలో మొదటి పేరుగా రాసుకున్నాడు. ఈవేళ మైలవరంలో పేపర్లు అడిగి కొనే ప్రతి అసలైన షెపర్డ్ వంశవృక్షమూ వెనక్కి పోతే ఆ పేరు దగ్గరికే చేరుతుంది.

కొల్లేటి లంకల్లో, కైకలూరు, మండవల్లి పల్లెల్లో ఇంకా జోనంగి జత ఉన్న ఇళ్లు వెతికితే దొరుకుతాయి. ముందుగా కావాల్సింది వాటి ఫొటోలు, ఎత్తు, బరువు, రంగు, పుట్టిన తేదీ, తల్లి, తండ్రి, ఏ ఇంటిది అన్న వివరాలు ఒకే చోట రాసిన జాబితా. చిప్‌లు వేసి నెత్తురు నమూనాలు తీయడానికి గన్నవరం కళాశాల ఉంది. జాతి వర్ణనతో కర్నాల్‌కి దరఖాస్తు పంపాల్సింది రాష్ట్ర పశుసంవర్ధక శాఖ. ఈ వేసవి కాయ దిగాక మైలవరం తోట యజమానులు వచ్చే ఏడాది కాపలాకి పిల్ల వెతుక్కునేటప్పుడు, బెంగళూరు నంబరుకి ఫోన్ చేసే ముందు ఒకసారి అటువైపు వెళ్లి చూడాలి. అక్కడా అడగాల్సింది అదే, ముందు తల్లిని చూపించమని.